‘కొంచెం మెరుగు’ అంటే ఎంత?

పక్షవాతము వచ్చిన మనిషిని కాకినాడకో రాజమండ్రికో తీసుకువెళ్లి, పది రోజులు ఉంచి, తిరిగి ఇంటికి తెచ్చుకున్న కుటుంబములు మన సంఘములలో ఎన్నో ఉన్నవి. వచ్చిన తరువాత వారు రెండు కాగితములు బీరువాలో భద్రపరుస్తారు. ఒకటి బిల్లు, రెండవది డిశ్చార్జి సమ్మరీ. మూడవ కాగితము మరొకటి ఉన్నది. అది ఫిజియోథెరపీ చేసేవారు వ్రాసే కాగితము. దానిని ఎవరూ అడగరు, అడగనిదే చాలామంది ఇవ్వరు. పరామర్శకు వెళ్లినప్పుడు మేము దాని సంగతి అడిగితే, “అదేం లేదండి అయ్యగారూ, రోజూ వచ్చి చెయ్యీ కాలూ లాగి వెళ్తున్నాడండి” అంటారు.

బీమా డబ్బు వచ్చుటయో రాకపోవుటయో అనేకసార్లు ఆ మూడవ కాగితము దగ్గరనే తేలుతుంది. మంచము మీది మనిషి తిరిగి తన పని తాను చేసుకొనుట కూడ కొంతవరకు దానిమీదనే ఆధారపడి ఉన్నదని మేము తలంచుచున్నాము. అందుచేత దానిని గూర్చి ఈ నెల కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

కోనసీమలో కొబ్బరి దింపు పని చేసుకొనే ఒక సహోదరునికి కుడి ప్రక్క పడిపోయింది. కుమారుడు పట్నములో చిన్న ఉద్యోగము చేస్తూ తలిదండ్రుల పేర ఒక పాలసీ కట్టియుండెను. ఆసుపత్రి ఖర్చులో ఎక్కువ భాగము వచ్చినది. ఇంటికి వచ్చిన తరువాత ఆరు వారములు ప్రతిదినము ఫిజియోథెరపీ చేయించారు. ఆ డబ్బు కొరకు పంపిన కాగితములో ఏమున్నది? వరుసగా తేదీలు, ప్రతి తేదీకి ఎదురుగా ‘ఫిజియోథెరపీ చేయబడినది’ అన్న ఒకే మాట, చివర ‘కొంచెం మెరుగు’ అని ఒక సంతకము. ఏ ఉద్దేశముతో ఈ చికిత్స చేశారు, దానివలన రోగికి కలిగిన మార్పు ఏమి అని అడుగుతూ కంపెనీవారు క్లెయిము త్రిప్పి పంపారు.

నిజానికి ఆ మనిషి బాగుపడెను. ఇంటికి తెచ్చిన దినమున మంచము మీద కూర్చోబెట్టుటకు ఇద్దరు పట్టవలసి వచ్చేది. ఆరు వారములకు కర్ర పట్టుకొని కాలువ గట్టు వరకు వచ్చి నిలువగలిగెను. ఇది ఇంటివారందరికీ తెలుసు, ప్రక్కవారికీ తెలుసు. కాగితమునకు మాత్రము తెలియదు. ఎక్కడో ఒక గదిలో కూర్చుండి ఆ కాగితము చదివేవారు రోగిని ఎన్నడూ చూచియుండరు. వారికి కనబడేది వ్రాసినది మాత్రమే.

“పాత తేదీలతో ఇప్పుడు మళ్లీ వ్రాయించేస్తే పోదాండీ?” అని ఆ కుమారుడు అడిగెను. అట్లు చేయకూడదు. అది అబద్ధము, పైగా బయటపడితే రావలసిన డబ్బు కూడ పోవును. డిశ్చార్జి నాటి స్థితి సమ్మరీలో ఉన్నది గనుక, ఆనాటి స్థితిని పరీక్ష చేసి డాక్టరుగారు వేరుగా ఒక ఉత్తరము వ్రాసి ఇచ్చిరి. దానిమీద కొంత డబ్బు వచ్చినది, అంతా రాలేదు.

మరి సరిగా వ్రాయుట అంటే ఏమి? చికిత్స మొదలుపెట్టిన దినముననే రోగి ఈరోజు ఏమి చేయగలడు, ఏమి చేయలేడు, ఎన్ని వారములకు ఏ పని చేయగలగాలి, ఎవరి సహాయముతో లేక ఎవరి సహాయము లేకుండ చేయాలి అన్నది వ్రాయుటయే. ‘కాలి బలము పెంచుట’ అన్నది లక్ష్యము కాదు, అది ఆశ. ‘ఈరోజు మంచము మీద నుండి లేచుటకు ఇద్దరి సహాయము కావలెను. 3 వారములకు ఒకరి సహాయముతో లేచి కుర్చీలో కూర్చుండవలెను. 6 వారములకు కర్రతో 20 అడుగులు తనంతట తాను నడువవలెను’ అన్నది లక్ష్యము. మూడు వారములైన తరువాత జరిగిందో లేదో ఎవరైనా చూచి చెప్పగలరు. జరగకపోతే ఎందుకు జరగలేదో, చికిత్సలో ఏమి మార్చుచున్నారో ఆ క్రిందనే వ్రాయవలెను. లక్ష్యము తప్పినందున క్లెయిము పోవునని కొందరు భయపడుదురు. తప్పినదని వ్రాసి, కారణము వ్రాసి, దారి మార్చిన కాగితము ‘కొంచెం మెరుగు’ అన్న కాగితముకంటె ఎంతో నమ్మదగినదిగా ఉండును.

ఈ కొలతలకు డాక్టర్లు వాడే పట్టికలున్నవి. వాటిలో అందరికీ సులభముగా అర్థమయ్యేది 1965లో అచ్చయిన బార్తెల్ పట్టిక. అన్నము తినుట, స్నానము, తల దువ్వుకొనుట వంటివి, బట్టలు కట్టుకొనుట, మల మూత్రముల అదుపు, మరుగుదొడ్డికి వెళ్లుట, మంచము మీద నుండి కుర్చీలోకి మారుట, నడక, మెట్లెక్కుట, ఇట్లు 10 సంగతులకు మార్కులు వేసి మొత్తము 100కు లెక్క కడతారు. మొదటి దినమున 35, ఆరు వారములకు 70 అని ఉంటే ఇక వాదమునకు చోటు తక్కువ. ఫిజియోథెరపీ చేయువారిని ఈ పట్టిక వేయమని అడుగుటకు మొగమాటపడనక్కరలేదు. చదువుకున్నవారికి అది తెలిసినదే.

అయితే ఆ పట్టిక మన ఊళ్లను చూచి తయారు చేసినది కాదు. మన ఇండ్లలో అనేకము క్రింద కూర్చుండే మరుగుదొడ్లు. బాసికపట్టు వేసి అన్నము తినేవారున్నారు, ఆరాధనలో చాపమీద రెండు గంటలు కూర్చుండే పెద్దలున్నారు. నరసాపురము నుండి సఖినేటిపల్లి పంటు ఎక్కి దిగవలసినవారున్నారు. కొబ్బరి పీచు పేనే ఇల్లాలికి రెండు చేతులూ కలిసి పనిచేయాలి. వరి నాటే మనిషికి నడుము వంగాలి, బురదలో పాదము నిలువాలి. ఈ సంగతులు చికిత్స చేయువారికి మనము చెప్పకపోతే తెలియవు. ‘6 వారములకు క్రింద కూర్చుండి, గోడ పట్టుకొని, ఇతరుల సహాయము లేకుండ లేవవలెను’ అని వ్రాయించండి. ఈ ఒక్క విషయములో కుటుంబమే డాక్టరుకంటె ఎక్కువ ఎరిగినది.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల చరిత్ర ఎరిగినవారికి ఈ మాట క్రొత్త కాదు. కుష్ఠువలన వంకర తిరిగిన చేతులకు డాక్టర్ పాల్ బ్రాండ్ ఆపరేషన్లు చేయుచున్న దినములలో, బాగుపడిన చేతికి పని నేర్పనిదే ప్రయోజనము లేదని అక్కడ గ్రహించి, రోగులకు వృత్తులు నేర్పించే చోటును ఏర్పరచిరి. 1954లో మోటారు ప్రమాదములో నడుము క్రింది భాగము చచ్చుపడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చుండియే అట్టి చేతులకు ఆపరేషన్లు చేసిరి. తరువాత అమెరికాలో పునరావాస వైద్యము నేర్చుకొని వచ్చి వేలూరులో ఆ విభాగమును నడిపించిరి. అక్కడి పునరావాస కేంద్రము 1966లో ప్రారంభమైనది.

పాలసీలో ఏమున్నది?

పాలసీ పుస్తకములోని చిన్న అక్షరములు చదువుట కష్టమే గాని ఒక్క పేరా తప్పక చదవండి. బీమా నియంత్రణ సంస్థ అన్ని కంపెనీలకు ఒకే విధముగా ఖాయము చేసిన మినహాయింపులలో 5వది విశ్రాంతి, పునరావాసము, ఉపశమన సంరక్షణలను గూర్చినది. చికిత్స కొరకు గాక, ముఖ్యముగా మంచము మీద విశ్రాంతి కొరకే ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు ఇవ్వరు. స్నానము చేయించుట, బట్టలు తొడుగుట, అటూ ఇటూ నడిపించుట వంటి సేవలు ఇంటివద్ద జరిగినా, నర్సులే చేసినా ఇవ్వరు. పునరావాసము అన్న పేరు ఆ శీర్షికలోనే ఉన్నందున, చదివేవారికి మొదటనే అనుమానము కలుగుట సహజము.

ఇప్పుడు కాగితములోని మాటల విలువ మీకు అర్థమై ఉండవచ్చును. ‘రోగిని నడిపించితిమి’ అని వ్రాస్తే అది సేవవలె కనబడును. ‘బలహీనమైన కుడి కాలిమీద బరువు వేయుట నేర్పుచున్నాము, ఈ వారము ఒకరి ఆసరాతో 10 అడుగులు వేసెను, వచ్చే వారము ఆసరా లేకుండ’ అని వ్రాస్తే అది చికిత్స. రెండూ ఒకే గదిలో ఒకే సమయములో జరిగినవి కావచ్చును. లేనిదానిని ఉన్నట్లు వ్రాయమని మేము చెప్పుట లేదు, జరిగినదానిని జరిగినట్లు పూర్తిగా వ్రాయమనుచున్నాము.

గడువులు కూడ గుర్తుంచుకొనండి. 2020 ఏప్రిల్ నుండి కంపెనీలన్నియు అమ్ముచున్న ఆరోగ్య సంజీవని పాలసీలో, ఆసుపత్రిలో చేరిన క్లెయిము అంగీకరింపబడినట్లయితే, డిశ్చార్జి అయిన తేదీ నుండి 60 దినముల వరకు ఆ జబ్బుకు సంబంధించిన వైద్య ఖర్చు అడుగవచ్చును. ఆ చికిత్స ముగిసిన 15 దినములలో కాగితములు పంపవలెను. ఆమోదించిన మొత్తములో నూటికి 5 రూపాయలు మనమే భరించవలెను. ఇతర పాలసీలలో ఈ దినములు వేరుగా ఉండును గనుక మీ పుస్తకములో చూచుకొనండి. డిశ్చార్జి సమ్మరీలోనే ‘ఫిజియోథెరపీ వారమునకు ఇన్నిసార్లు, ఇన్ని వారములు’ అని డాక్టరుచేత వ్రాయించుకొనకుండ ఆసుపత్రి మెట్లు దిగవద్దు. పక్షవాతము తరువాత మొదటి మాసములలోనే మార్పు ఎక్కువగా కనబడును. బీమా దినములూ అవే. “పండుగ వెళ్లాక మొదలుపెడదామండి” అనే మాట మన ప్రాంతములో మేము తరచుగా వినుచున్నాము. ఆ పండుగ చాలా ఖరీదైనది.

పిల్లల విషయము

ఆరోగ్యశ్రీ పథకము 2007లో మొదలై, ఆ సంవత్సరము డిసెంబరులో మన గోదావరి జిల్లాలకు వచ్చినది. నేడు అది ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుచుచున్నది. పుట్టు చెవుడు గల చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌ను ఆ పథకములో చేర్చినప్పుడు, ఆపరేషన్‌తో సరిపెట్టక, తరువాత యంత్రమును సరిచేయుటను, విని మాటలాడుట నేర్పే శిక్షణను కూడ చేర్చిరి. ఇది ఎంతో తెలివైన పని. ఆపరేషన్ వలన శబ్దము లోపలికి వెళ్లును, అంతే. ఆ శబ్దము ‘అమ్మ’ అని బిడ్డకు తెలియుటకు నెలల తరబడి అభ్యాసము కావలెను.

ఇక్కడ లక్ష్యములు వ్రాయుట ఇంకను అవసరము, బిడ్డ తన సంగతి తాను చెప్పలేదు గనుక. లింగ్ అనే శాస్త్రజ్ఞుని పేర ఆరు ధ్వనుల పరీక్ష ఉన్నది: ఆ, ఈ, ఊ, మ్, స్, ష్. తల్లి బిడ్డ వెనుక కూర్చుండి, పెదవులు కనబడకుండ, ఒక్కొక్క ధ్వని పలుకవలెను. బిడ్డ దేనికి తిరిగినది, దేనికి తిరుగలేదు అన్నది ఆ తేదీన నోటు పుస్తకములో వ్రాయవలెను. దీనికి ఖర్చు లేదు. నిన్నటి వరకు ‘స్’ విన్న బిడ్డ ఈరోజు వినకపోతే యంత్రము చూపించుకొనవలెనని ఆ పుస్తకమే చెప్పును. ‘3 నెలలకు వెనుక నుండి పేరు పిలిస్తే తిరుగవలెను’ అన్నట్టి లక్ష్యములు శిక్షకురాలితో కలిసి వ్రాసుకొనండి. వచ్చిన ప్రతిసారి ఆమెచేత సంతకము చేయించండి.

ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యములు గలవారికి 1999 చట్టము క్రింద ఏర్పడిన నేషనల్ ట్రస్టువారి నిరామయ అనే ఆరోగ్య బీమా ఉన్నది. ముందుగా వైద్య పరీక్ష లేకుండ చేర్చుకొందురు. మొత్తము పరిమితి సంవత్సరమునకు 1 లక్ష రూపాయలు. ఆసుపత్రిలో చేరనవసరము లేని థెరపీలకు అందులో ఒక భాగము కేటాయించిరి. వైకల్య ధ్రువపత్రము ఉండవలెను, ప్రతి సంవత్సరము రెన్యువల్ చేయించవలెను, ముందు మనము ఖర్చుపెట్టి తరువాత రసీదులు పంపి తీసుకొనవలెను. ఈ పేరు విన్న తలిదండ్రులు మన ఊళ్లలో తక్కువ. పాస్టరుగారి భార్యలు స్త్రీల సమాజములో ఒకసారి చదివి వినిపించినయెడల మంచిది.

ఇక కొన్ని జబ్బులలో మెరుగు అనునది ఉండదు. వణుకుడు జబ్బు గల వృద్ధుడు రానున్న సంవత్సరము ఇంతకంటె బాగా నడువకపోవచ్చును. అట్టివారికి లక్ష్యము వ్రాయుట ఎట్లు? ఈ ప్రశ్న అమెరికాలో న్యాయస్థానమునకు వెళ్లినది. వృద్ధులకు అక్కడి ప్రభుత్వము ఇచ్చే మెడికేర్ బీమాలో, రోగి మెరుగుపడుట లేదని చికిత్స నిలిపివేయుచున్నారని వెర్మాంట్ రాష్ట్రములో జిమ్మో అనే ఒక అంధురాలు, మధుమేహము వలన కాలు పోగొట్టుకున్న స్త్రీ, మరికొందరితో కలిసి దావా వేసిరి. 2013 జనవరిలో న్యాయస్థానము ఆమోదించిన ఒప్పందము ప్రకారము, మెరుగు లేకపోయినంత మాత్రమున నిరాకరింపరాదు, ఉన్న స్థితి చెడకుండ కాపాడుటకు నిపుణుల చికిత్స అవసరమైతే అదియు చెల్లును. మన దేశములో ఆ ఒప్పందము పనిచేయదు. అయినను దానినుండి వ్రాయు పద్ధతి నేర్చుకొనవచ్చును: ‘రాబోవు 3 నెలలలో పడిపోకుండ, ఇంటినుండి వీధి గుమ్మము వరకు ఇప్పటివలెనే నడుచుచుండవలెను’. ఇదియు లక్ష్యమే. పిల్లలు అమెరికాలో ఉండి, అక్కడ మెడికేర్ పొందుచున్న పెద్దలకైతే ఇది సూటిగా పనికివచ్చును.

అన్నియు వ్రాసి పంపినను క్లెయిము త్రిప్పివేసినయెడల, కారణము వ్రాతపూర్వకముగా అడిగి తీసుకొనండి. మొదట కంపెనీలోని ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. వారు నిరాకరించినను, నెల దినములలో జవాబు ఇవ్వకపోయినను, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. కంపెనీ నిరాకరించిన తరువాత ఒక సంవత్సరములోగా చేయవలెను. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. పాలసీ నకలు, డిశ్చార్జి సమ్మరీ, కంపెనీవారి ఉత్తరము, వాటితోపాటు మొదటి దినమున వ్రాసిన లక్ష్యముల కాగితము, వారము వారము సంతకములున్న పుస్తకము నకలు జతచేయండి. అసలు ప్రతులు మీ దగ్గరనే ఉంచుకొనండి. యానాము వారికి కూడ ఆ కార్యాలయమే.