బేస్ గిటార్: బ్యాటరీ లేని మార్గం
1976లో వెలువడిన మ్యూజిక్‌మ్యాన్ స్టింగ్‌రే బేస్ గిటార్‌లో తీగల కంపనాన్ని గ్రహించే పికప్‌కు బ్యాటరీ అక్కర లేదు. దాని సంకేతాన్ని బలపరిచే ప్రీఆంప్‌కు మాత్రం 9 వోల్టుల బ్యాటరీ కావాలి. కచేరీ మధ్యలో అది తీరిపోతే, పికప్ పనిచేస్తున్నా వాద్యం మూగబోతుంది. ప్రీఆంప్‌ను తప్పించి సంకేతాన్ని జాక్‌కు చేర్చే స్విచ్‌ను అమర్చడం ఇందుకు పరిష్కారం. ఆ స్విచ్ పికప్‌ను, జాక్‌ను రెండింటినీ ఒకేసారి ప్రీఆంప్ నుంచి విడదీయాలి.

అసలు చిక్కు వాల్యూమ్ నియంత్రకంతోనే. ప్రీఆంప్ తరువాత ఉండే ఆ నియంత్రకం నిరోధం సాధారణంగా 25 కిలో ఓములు. ప్రీఆంప్‌కు అది భారం కాదు గానీ, నేరుగా కలిపితే పికప్‌కు భారమై పై పౌనఃపున్యాలు అణగిపోతాయి. కనుక పాసివ్ మార్గానికి 250 కిలో ఓముల నియంత్రకం వేరుగా ఉండడం మేలు. ప్రీఆంప్ పికప్‌లోనే ఇమిడి ఉన్న వాద్యాలకు ఈ మార్పు వర్తించదు.