అక్క బొమ్మలకు రాగి తీగ నగలు చేసిన తమ్ముడు.. విశ్వాన్నే గాల్లో వేలాడదీశాడు!

మీ చేతిలో ఉన్న మొబైల్ కంటే ముందే ప్రపంచానికి ఇంకో మొబైల్ తెలుసు. దానికి సిమ్ ఉండదు, స్క్రీన్ ఉండదు. తీగలకు రంగు రేకులు కట్టి పైకప్పుకు వేలాడదీస్తారు. కాస్త గాలి తగిలితే చాలు.. గ్రహాల్లా మెల్లగా తిరుగుతుంది. ఈ కళను ప్రపంచానికి పరిచయం చేసింది అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డర్. ఇంతకీ ఇదంతా ఎక్కడ మొదలైందో తెలుసా? ఓ అక్కాతమ్ముళ్ల ఆటలో!

వీధిలో దొరికిన తీగ

కాల్డర్ 1898లో పుట్టారు. అక్క పెగ్గీ రెండేళ్లు పెద్ద. ఆయనకు ఎనిమిదేళ్లప్పుడు కుటుంబం కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఉండేది. వీధిలో పడి ఉన్న రాగి తీగ ముక్కలను పిల్లలిద్దరూ ఏరుకొచ్చేవారు. వాటితో తమ్ముడు అక్క బొమ్మలకు నగలు చేసిపెట్టేవాడు. పెద్దయ్యాక మెకానికల్ ఇంజినీరింగ్ చదివినా.. ఆ తీగను మాత్రం వదల్లేదు.

ఓ పక్క సూర్యుడు, ఇంకో పక్క చంద్రుడు

1922లో కాల్డర్ ఓ ఓడలో బాయిలర్ గదిలో పనికి చేరారు. గ్వాటెమాలా తీరం దగ్గర ఓ తెల్లవారుజామున డెక్ మీద నిద్ర లేచి చూస్తే.. ఒక వైపు ఎర్రటి సూర్యోదయం, ఎదురు వైపు వెండి నాణెంలా చంద్రుడు. ఆ దృశ్యం ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

1930లో పారిస్‌లో చిత్రకారుడు మోండ్రియాన్ స్టూడియోకు వెళ్లారు. గోడ మీద రంగు ముక్కలు చూసి, ఇవి కదిలితే ఎలా ఉంటుందా అనిపించింది. మరుసటి ఏడాదే కదిలే శిల్పాలు చేశారు. వాటికి మరో కళాకారుడు మార్సెల్ డుషాంప్ పెట్టిన పేరే 'మొబైల్'.

1934లో చేసిన 'ఎ యూనివర్స్'లో మోటారు సాయంతో రెండు చిన్న గోళాలు వంపు తీగల వెంట వేర్వేరు వేగాలతో కదులుతాయి. న్యూయార్క్ మ్యూజియంలో ఐన్‌స్టీన్ దాని ముందు 40 నిమిషాలు నిలబడిపోయారని చెబుతారు.

కాల్డర్ 1976లో చనిపోయారు. మరుసటి ఏడాది వచ్చిన కుటుంబ జ్ఞాపకాల పుస్తకాన్ని రాసింది ఎవరో కాదు.. అక్క పెగ్గీయే!

మన దేశానికీ లింక్ ఉంది

1955లో కాల్డర్ అహ్మదాబాద్ వచ్చి సారాభాయ్ కుటుంబం దగ్గర ఉండి శిల్పాలు చేశారు. పిలిచింది గిరా సారాభాయ్. మన అంతరిక్ష కార్యక్రమ పితామహుడు విక్రమ్ సారాభాయ్‌కి ఆమె చెల్లెలు. శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 ల్యాండర్‌కు పెట్టింది ఈ అన్న పేరే. చెల్లెలేమో మరో సోదరుడు గౌతమ్‌తో కలిసి అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు పునాది వేశారు.

పడిపోకుండా ఎలా నిలుస్తుంది?

తక్కెడ సూత్రమే. కాకపోతే రెండు పక్కలా బరువు సమానంగా ఉండాల్సిన పనిలేదు. బరువును దూరంతో గుణిస్తే వచ్చేది సమానమైతే చాలు. ఓ పక్క 20 గ్రాములు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే.. ఇంకో పక్క 10 గ్రాములను 20 సెంటీమీటర్ల దూరంలో కట్టాలి. అందుకే చిన్న ముక్క దూరంగా, పెద్ద ముక్క దగ్గరగా కనిపిస్తుంది.

ఇంట్లో ట్రై చేయండి

పాత హ్యాంగర్ తీగ, అట్టపెట్టె ముక్కలు, దారం ఉంటే చాలు. ముందు అట్టతో గ్రహాలు, తోకచుక్కలు, మీ పిల్లలకు తోచిన వింత ఆకారాలు కత్తిరించండి. కట్టడం మాత్రం కింది నుంచి పైకి రావాలి. అడుగున ఉన్న తీగ నిలకడగా ఆగాకే దాని పైది కట్టాలి.

ఇద్దరు పిల్లలుంటే చెరో పక్క ఇవ్వండి. అక్క తన గ్రహాన్ని కాస్త జరిపితే తమ్ముడి పక్క వంగిపోతుంది. ఒకరినొకరు అడగకుండా పని జరగదు. అన్నట్టు.. ఫ్యాన్ కింద కట్టకండి, దారాలు చిక్కుపడతాయి. కిటికీ గాలి సరిపోతుంది.