ఓపెన్ గోల్ఫ్ పోటీ, దాని వెండి కూజా

మేజర్లుగా పేరుపొందిన నాలుగు గోల్ఫ్ పోటీల్లో అన్నింటికన్నా పాతది బ్రిటన్‌లో జరిగే ఓపెన్ చాంపియన్‌షిప్. స్కాట్లండ్‌లో మేటి ఆటగాడిగా పేరున్న అలన్ రాబర్ట్‌సన్ 1859లో మరణించడంతో, ఆయన స్థానం ఇక ఎవరిదో తేల్చడానికి ప్రెస్ట్‌విక్ క్లబ్బు 1860 అక్టోబరు 17న దీనిని ఆరంభించింది. బరిలో నిలిచిన ఎనిమిది మందీ క్లబ్బులో సభ్యత్వమున్న శ్రీమంతులు కారు. వారి సంచులు మోసే క్యాడీలుగానో, బంతులు, కర్రలు చేసేవారుగానో, మైదానం చూసుకునేవారుగానో ఈ ఆట మీదే బతికేవారు. గోల్ఫ్‌లో బంతిని హోల్ అనే చిన్న గుంతలోకి తక్కువ షాట్లలో చేర్చినవాడే విజేత కనుక, 12 హోళ్ల మైదానాన్ని ఒకే రోజు మూడుసార్లు చుట్టి 174 షాట్లతో ముగించిన విల్లీ పార్క్, 176 షాట్లు ఆడిన టామ్ మారిస్‌పై నెగ్గాడు. అందరికీ ప్రవేశం లభించి పోటీ పేరు సార్థకమైంది మాత్రం మరుసటి ఏడాదే.

తొలినాళ్ల బహుమతి వెండి బిళ్లలు తొడిగిన ఎర్ర తోలు నడికట్టు. వరుసగా మూడుసార్లు గెలిచినవాడు దానిని సొంతం చేసుకోవచ్చన్న నిబంధన ఉండగా, మారిస్ కుమారుడు చిన్న టామ్ 1868 నుంచి 1870 దాకా గెలిచి దానిని ఇంటికి పట్టుకుపోయాడు. ఇవ్వడానికి వస్తువే లేక 1871లో పోటీ ఆగిపోయింది. నిర్వాహకుల ముందుచూపు అంతంతమాత్రమేనని చెప్పక తప్పదు గానీ, ఆ చిక్కు నుంచే ఈ పోటీకి గుర్తుగా నిలిచిన క్లారెట్ జగ్, అంటే ఎర్ర ద్రాక్షసారా వడ్డించే పాత్ర ఆకారంలోని వెండి కూజా, పుట్టింది. మూడు క్లబ్బులు తలా 10 పౌండ్లు వేసుకుని చేయించిన ఆ కూజా 1873లో తొలిసారి టామ్ కిడ్ చేతికి అందినా, దానిపై మొదట చెక్కిన పేరు 1872లో మళ్లీ గెలిచిన చిన్న టామ్‌దే.

1928 నుంచి అసలు కూజా స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లోనే భద్రంగా ఉండగా, విజేత దాని నకలును ఏడాదిపాటు ఉంచుకుని తిరిగి అప్పగిస్తాడు. చివరి షాట్ పడిన కొద్ది నిమిషాల్లోనే, బహుమతి ప్రదానానికి ముందే, చెక్కడపు పనివాడు కూజాపై పేరు చెక్కేస్తాడు.

1892 నుంచి 72 హోళ్లకు పెరిగిన ఈ పోటీని లింక్స్ అనే సముద్రతీరపు ఇసుకనేల మైదానాల్లోనే ఆడతారు. అక్కడి ఈదురుగాలులు ఎంతటి మేటి ఆటగాడి లెక్కనైనా తారుమారు చేస్తాయి. అలాంటి రాయల్ లివర్‌పూల్ మైదానంలోనే 2023లో భారత గోల్ఫ్ ఆటగాడు శుభంకర్ శర్మ సంయుక్తంగా ఎనిమిదో స్థానం పొందాడు.