కిడ్నీ చుట్టూ కొవ్వు: నడుము టేపు ఎంతవరకు చెబుతుంది?

మాంసం కొట్టులో మేక కిడ్నీని చూశారా? దాని చుట్టూ తెల్లటి కొవ్వు ముద్ద ఉంటుంది. మన కిడ్నీల చుట్టూ కూడా అలాంటి కొవ్వే ఉంటుంది. కుదుపులు తగలకుండా కాపాడే ఈ మెత్త అవసరమైనదే. పెరిగితేనే చిక్కు. కిడ్నీని, ఈ కొవ్వును కలిపి ఒక పలుచని పొర సంచిలా చుట్టి ఉంచుతుంది. లోపల కొవ్వు ఎక్కువైతే కిడ్నీ మీద, దాని రక్తనాళాల మీద ఒత్తిడి పడుతుంది. అప్పుడు కిడ్నీ రెనిన్‌ను ఎక్కువగా విడుదల చేసి రక్తపోటును పెంచుతుందని పరిశోధకుల వివరణ.

ఈ కొవ్వును నేరుగా చూడాలంటే సీటీ స్కాన్ లేదా అల్ట్రాసౌండ్ కావాలి. అందరికీ స్కాన్ తీయలేం కదా! అందుకే శరీర కొలతలతో అంచనా వేసే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

అందరికీ తెలిసిన కొలత బీఎంఐ, అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించగా వచ్చేది. బరువులో కండ ఎంతో, కొవ్వు ఎంతో అది చెప్పదు. 2004లో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఫొటోనే లాన్సెట్ పత్రికలో ప్రచురించి ఈ సంగతి చూపించారు. ఇద్దరి బీఎంఐ 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! సన్నగా కనిపించే భారతీయులు బరువు చూసుకుని నిశ్చింతగా ఉండలేరన్నమాట.

నడుము కొలత ఇంతకంటే నయం. కొవ్వు ఎక్కడ చేరిందో అది కొంత చెబుతుంది. ఇక్కడో చిన్న లెక్క. నడుము 80 నుంచి 88 సెంటీమీటర్లకు పెరిగితే చుట్టుకొలత పెరిగింది 10 శాతమే. ఆకారం మారకపోతే అడ్డుకోత వైశాల్యం మాత్రం 21 శాతం పెరుగుతుంది. వెన్నెముక, కిడ్నీలు పెద్దవి కావు కాబట్టి ఆ అదనపు చోటులో ఎక్కువ భాగం కొవ్వుదే. అయితే అందులో చర్మం కింద ఎంత, కిడ్నీ చుట్టూ ఎంత అన్నది టేపుకు తెలియదు. నా దృష్టిలో అది స్కాన్‌కు బదులు కాదు, ఎవరిని ముందుగా పరీక్షించాలో చెప్పే సూచిక మాత్రమే.

కొలిచేది ప్యాంటు కట్టుకునే చోట కాదు. చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. పొట్ట లోపలికి పీల్చకూడదు! భారతీయ పురుషుల్లో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లను హద్దుగా తీసుకుంటారు. ఎత్తులో సగానికి మించకూడదన్నది ఇంకా తేలిక లెక్క. హద్దు దాటినవారు బీపీ, షుగర్‌తో పాటు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షల గురించి డాక్టర్‌ను అడగడం మంచిది. బీపీ, షుగర్ ఉన్నవారికి నడుము సన్నగా ఉన్నా ఈ పరీక్షలు అవసరమే.