మీటింగులు పెట్టి ఏం ఒరగబెట్టిన్రు?

కురవి వీరభద్రస్వామి గుడికి దగ్గర్లోని టీకొట్టులో పేపరు తిరగేస్తుంటే పక్కనున్న రైతు ఒక ఫొటో మీద వేలు పెట్టాడు. బ్రెజిల్‌లోని బెలెమ్‌లో జరిగిన వాతావరణ సదస్సు ఫొటో అది. "ఏటేటా ఇమానాల్ల పోతరు, ఫొటోలు దిగుతరు, అస్తరు. ఇన్నేండ్ల సంది ఏం ఒరగబెట్టిన్రు సారూ?" అన్నాడు. కొట్టులో ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాటలో సగం నిజం మరి. చిక్కంతా తక్కిన సగంతోనే.

"సదస్సులతో ఒరిగిందేమీ లేదు"

ముందు నిజమైన సగం. మొదటి సదస్సు 1995లో బెర్లిన్‌లో జరిగింది. బొగ్గు, చమురు, గ్యాస్ మూడింటి నుంచీ మళ్లాలన్న మాట తీర్మానంలోకి ఎక్కింది 2023లో, దుబాయ్‌లో. జబ్బు పేరు చీటీ మీద రాయడానికే 28 ఏళ్లు! ఆ దుబాయ్ సదస్సుకు అధ్యక్షుడు అబుధాబి చమురు కంపెనీ అధిపతి. 2025 నవంబరులో బెలెమ్‌లో 80కి పైగా దేశాలు ఆ మళ్లింపుకో దారి గీయమని పట్టుబట్టినా, తుది పత్రంలో ఆ ఊసే లేదు. అక్కడ ఓటింగు ఉండదు, ఏకాభిప్రాయమే. పాలోళ్ల పంచాయితీలో ఒక్కడు అడ్డం తిరిగితే పంపకం ఆగిపోయినట్టే.

అయినా ఏమీ ఒరగలేదనడం తప్పు. 2015 సదస్సులో కుదిరిన పారిస్ ఒప్పందానికి ముందు, ఈ శతాబ్దం చివరికి భూమి దాదాపు 4 డిగ్రీలు వేడెక్కుతుందని లెక్క. ఇప్పుడున్న విధానాలతో 2.8 డిగ్రీలని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2025 అంచనా. ఈ తగ్గుదలలో సోలార్ పలకల ధరలు పడిపోవడానికీ పెద్ద వాటా ఉంది, అంతా సదస్సుల ఘనతేనని నేనను. పైగా 2.8 డిగ్రీలు మన ఎండలకు చిన్న లెక్కా కాదు.

"అమెరికా పొగ పెట్టి మనల్ని ఊదొద్దంటది"

ఇది అపోహ కాదు, చాలావరకు వాస్తవం. సగటు అమెరికన్ ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ సగటు భారతీయుడి కంటే దాదాపు ఏడింతలు. 2024 బాకు సదస్సులో పేద దేశాలు ఏటా 1.3 లక్షల కోట్ల డాలర్లు అడిగితే, 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్లు సమకూర్చే లక్ష్యం పెట్టి ధనిక దేశాలు చేతులు దులుపుకున్నాయి. మన ప్రతినిధి అక్కడే నిలదీశారు. నిలదీయడానికైనా ఆ గదిలో కుర్చీ ఉండాలిగా.

"బొగ్గు ఆపితే రేపే మోటర్లు బందైతయ్"

రేపు ఆపమని ఎవరూ అనలేదు. 2021 గ్లాస్గో సదస్సులో బొగ్గు కరెంటును 'ఆపేయడం' అన్న మాటను పట్టుబట్టి 'తగ్గించుకుంటూ రావడం'గా మార్పించింది మన దేశమే. వదిలే కార్బన్, పీల్చుకునే కార్బన్ సరిసమానం కావడానికి (నెట్ జీరో) మనం పెట్టుకున్న గడువు 2070. భూపాలపల్లి పక్కన చెల్పూరులో 1,100 మెగావాట్ల కేంద్రం నడుస్తూనే ఉంది. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం కొత్తగా లేచింది.

బొగ్గు వద్దనే అవతలి పక్షానికీ ఒక అపోహ ఉంది. "దేశంలో సగం కరెంటు బొగ్గు లేకుండానే వస్తోంది" అంటారు. 2025లో సగానికి చేరింది బొగ్గు, గ్యాస్, చమురు అక్కర్లేని కేంద్రాల స్థాపిత సామర్థ్యం మాత్రమే. వాడే యూనిట్లలో నూటికి 70కి పైగా ఇంకా బొగ్గువే. పొద్దుగూకితే సోలార్ పడుకుంటుంది, దాచుకోవడానికి బ్యాటరీలు కావాలి. బావి దగ్గరి మోటరుకు మాత్రం ఆ బాధ తక్కువ. రాత్రి చీకట్లో పాములకు భయపడుతూ స్టార్టరు నొక్కిన ఏ రైతైనా కోరేది పగటి కరెంటునే.

"మా బొగ్గుబాయి కొలువులు పోగొట్టేది గీ సదస్సులే"

ఇక్కడ కాస్త ఆగాలి. కురవికి దగ్గర్లోని డోర్నకల్ జంక్షన్ నుంచి చీలే రైలు మార్గం బొగ్గు కోసం పుట్టిందే. ఇల్లెందు దగ్గర బొగ్గుందని 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి బొగ్గు గనుల సంస్థ పుట్టిల్లు అదే. 1990ల తొలినాళ్లలో ఆ సంస్థలో లక్ష దాటి కార్మికులు, ఏడాదికి సుమారు 2 కోట్ల టన్నుల బొగ్గు. 2023-24లో 7 కోట్ల టన్నులు, పర్మినెంటు కార్మికులు మాత్రం 40 వేల చుట్టూ. బొగ్గు మూడింతలు దాటింది, కొలువులు సగం కంటే తక్కువకు పడ్డాయి. ఈ పని చేసింది బెర్లినూ పారిసూ కాదు. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి, తట్టా చెమ్మసూ పోయి భారీ యంత్రాలు దిగాయి, పని కాంట్రాక్టు కూలీల చేతికి పోయింది. ఆ కొలువులకు వీడ్కోలు చెప్పడానికి ఏ అంతర్జాతీయ సదస్సూ జరగలేదు.

ఆ ఇల్లెందులోనే ఇప్పుడు సింగరేణి 39 మెగావాట్ల సోలార్ కేంద్రం నడుపుతోంది.

"వానలు ఎప్పుడూ పడేవే"

పడేవే. కానీ 2023 జులై 27న భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్క రోజులో 60 సెంటీమీటర్లు దాటింది, మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు 1 తెల్లవారేసరికి ఇంటికన్నె–కేసముద్రం మధ్య కంకర కొట్టుకుపోయి రైలుపట్టాలు గాలిలో వేలాడాయి. మరిపెడ మండలం సీతారాం తండాను ఆకేరు ముంచేసింది. ఫలానా వాన పూర్తిగా భూతాపం వల్లేనని చెప్పలేం. ఒక్క డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుందన్నది మాత్రం భౌతికశాస్త్రం. పాత శాసనాల్లో కురవి పేరు కొరవి. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఈ ఊరికి వేరే చెప్పాలా?

ఇదంతా చెప్పి, బెలెమ్‌లో బొగ్గు ఊసు రాకపోయినా బొగ్గు మీద బతికేవాళ్లు నష్టపోకుండా చూసే ఏర్పాటు ఒకటి చేస్తామని ఒప్పుకున్నారని కూడా అన్నాను. పైసలెవరిస్తారో అందులో రాయలేదు. రైతు గ్లాసు కింద పెట్టాడు.

"మా అల్లుడు ఓపెన్‌కాస్టుల టిప్పర్ నడుపుతడు, కాంట్రాక్టు కింద. ఆ కాయితంల గసుంటోళ్లు ఉన్నరా, పర్మినెంటోళ్లేనా?"