గౌతమి ముఖద్వారంలో హోప్ ద్వీపం

ధర్మపురి రేవులో స్నానమాచరించే యాత్రికుని పాదాల కింద నుండి కొద్దికొద్దిగా ఇసుక జారిపోతూ ఉంటుంది. ఆ ఇసుక ఎక్కడికి పోతున్నదనే ప్రశ్న జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల విద్యార్థికి సహజంగానే కలగాలి. శేషప్ప కవి నరసింహస్వామిని కొలిచిన ఆ క్షేత్రాన్ని దాటిన గోదావరి, సిరిసిల్ల మీదుగా వచ్చే మానేరును మంథని ప్రాంతంలో తనలో కలుపుకొంటుంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదుల చేరికతో మహానదియై ధవళేశ్వరం వద్ద పాయలుగా చీలుతుంది. వాటిలో గౌతమి అనే పాయ సముద్రాన్ని చేరేచోట, నది తెచ్చిన ఇసుకను అలలు ఉత్తర దిశగా నెట్టుతూ నెట్టుతూ కాకినాడ అఖాతానికి అడ్డుగా ఒక పొడవైన గడ్డను కట్టాయి. అదే హోప్ ద్వీపం. సుమారు పదహారు కిలోమీటర్ల పొడవున్న ఈ ద్వీపం వయస్సు రెండు వందల సంవత్సరాలకు మించదు. మన కావ్యాలకంటె, కోటలకంటె చిన్నదైన నేల ఇది.

వరంగల్లు మీదుగా కాకినాడకు పోయే రైలుబండికి గౌతమి అనే పేరు పెట్టిన వారెవరో గాని, వారి ఔచిత్యాన్ని మెచ్చుకోవాలి. కాకినాడ నుండి యానాం పోయే దారిలో చొల్లంగి వస్తుంది. పుష్య బహుళ అమావాస్యనాడు సాగరస్నానానికి వేలాది భక్తులు చేరే స్థలమది. దానికి చేరువలోనే కోరంగి అభయారణ్యపు ముఖద్వారం ఉన్నది. 1978లో ఏర్పడిన ఈ అభయారణ్యం విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. హోప్ ద్వీపం ఇందులో అంతర్భాగమే.

ముందుగా మడ అడవిని చూడాలి. బురదలో కాలు దిగబడకుండా చెక్కలతో నిర్మించిన నడకదారి అడవి లోపలికి తీసుకుపోతుంది. మన మామిడి, వేప చెట్ల వేళ్లు భూమిలోనికి పోవటం మనకు తెలుసు. ఇక్కడి మడచెట్ల వేళ్లు మాత్రం బురదలో నుండి మేకుల వలె ఆకాశం వైపు మొలుస్తాయి. ఉప్పునీటితో నిండిన బురదలో ప్రాణవాయువు దొరకదు కనుక చెట్టు ఈ శ్వాసమూలాల ద్వారా గాలి పీల్చుకుంటుంది. పీల్చిన ఉప్పును కొన్ని జాతులు ఆకుల మీదికి నెట్టివేస్తాయి. వాటి మధ్యనే తిల్ల చెట్టు కనిపిస్తుంది. దాని పాలు కంటిలో పడితే చూపునకే ముప్పు కనుక కొమ్మలు విరవరాదు. నీరు తీసినప్పుడు బురదపై గెంతుతూ తిరిగే చేపలను చూస్తూ నిలబడితే కాలమే తెలియదు.

ఈ అడవికి అధిదేవత అనదగినది బావురు పిల్లి. పిల్లి నీటికి జడుస్తుందన్న మన నమ్మకాన్ని ఇది వమ్ము చేస్తుంది. వేళ్ల మధ్య కొంతమేర పొర ఉండటం వలన ఈదుతుంది, మునిగి చేపను పట్టుతుంది. అయితే ఇది రాత్రివేళ సంచరించే జంతువు. పగటిపూట పోయినవారికి బురదపై దాని అడుగుజాడ కనిపిస్తే అదే గొప్ప. నీటికుక్కలు మాత్రం గుంపులు గుంపులుగా చేపలను తరుముతూ అప్పుడప్పుడు దర్శనమిస్తాయి. పక్షిజాతులు నూట ఇరవైకి పైబడి ఉన్నాయి. శీతకాలంలో ఇసుక తిన్నెలపై వాలే ఒక పక్షి ముక్కు కత్తెరవలె ఉంటుంది. దాని కింది దవడ పై దవడకంటె పొడవైనది. ఆ దవడతో నీటిని కోస్తున్నట్లు ఎగురుతూ చేపను అందుకుంటుంది. ప్రపంచంలోనే అరుదైపోతున్న జాతి అది.

ద్వీపానికి పడవ మీదనే పోవాలి. అటవీశాఖ అనుమతి అవసరం. బయలుదేరే సమయాన్ని మన గడియారం నిర్ణయించదు. సముద్రపు పోటు పాటులే నిర్ణయిస్తాయి. పాటు సమయంలో కాలువలో నీరు చాలక పడవ బురదలో చిక్కుకుంటుంది. కనుక సరంగు చెప్పిన మాటకు ఎదురాడరాదు. అటువైపున దీపస్తంభం, చిన్న మత్స్యకారుల పల్లె, ఎడతెగని ఇసుక తీరం ఉన్నాయి. దుకాణాలను, విడుదులను ఆశించి పోయేవారు నిరాశ చెందుతారు. అది ద్వీపం చేసుకున్న పుణ్యమని నా అభిప్రాయం.

జనవరి నుండి సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టేందుకు ఈ తీరానికి వస్తాయి. వీటిని ఆలివ్ రిడ్లే తాబేళ్లంటారు. రాత్రివేళ ఒడ్డుకు చేరిన తల్లి ఇసుకలో గొయ్యి తవ్వి, నూరు, నూట ఇరవై గుడ్లు పెట్టి, పూడ్చి, వెనుదిరిగి చూడక సముద్రంలోనికి పోతుంది. సుమారు యాభై దినాలకు పిల్లలు వెలువడుతాయి. పుట్టబోయేది ఆడదో మగదో తేల్చేది ఇసుక వేడిమి. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు పుడతాయి. పెద్దయిన ఆడ తాబేలు తాను పుట్టిన ప్రాంతపు తీరానికే తిరిగి వచ్చి గుడ్లు పెడుతుందంటారు. ఆ కాలంలోనే మరపడవల వలలలో చిక్కి ఊపిరాడక ఎన్నో తాబేళ్లు చనిపోతున్నాయి. తూర్పుతీరంలో చేపలవేట నిషేధం ఏప్రిల్ 15న గాని మొదలు కాదు.

ద్వీపం జీవులకే కాదు, మనుషులకు కూడ ఆశ్రయమే. కాకినాడ రేవుకు ఇది సహజమైన అడ్డుగోడ. అంతకు ముందటి కోరంగి రేవుకు ఇటువంటి రక్షణ లభించలేదు. 1789లోను, 1839లోను వచ్చిన తుపాను ఉప్పెనలు ఆ రేవుపట్టణాన్ని తుడిచివేశాయి. ‘సైక్లోన్’ అనే మాటను కల్పించిన హెన్రీ పిడ్డింగ్టన్ మొదటి ఉపద్రవాన్ని తన గ్రంథంలో ప్రస్తావించాడు. ఆ రేవు నుండి ఓడలెక్కి బర్మాకు పోయిన తెలుగు కూలీలను అక్కడివారు ‘కోరంగీలు’ అని పిలిచేవారు. ఊరు చితికినా పేరు సముద్రం దాటి నిలిచింది.

ఇప్పుడు మళ్లీ మన ఇసుక దగ్గరికి వద్దాం. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరామసాగరం ధర్మపురికి ఎగువన ఉన్నది. దాని కాకతీయ కాలువ నీటితోనే కోరుట్ల, జగిత్యాల మాగాణులు పచ్చబడ్డాయి. ఆ మేలును కాదనలేం. కాని నీటితోపాటు ఒండ్రు కూడ అక్కడ ఆగిపోయింది. 112 టీఎంసీలకు కట్టిన జలాశయంలో, పూడిక వలన ఇప్పుడు 80 టీఎంసీల మేరకే నీరు నిలుస్తున్నది. ఇటువంటి ఆనకట్టలు నదిపొడవునా ఎన్నో ఉన్నాయి. 1970వ దశకంలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును దిగువకు చేర్చేది. 2000 తరువాతి సంవత్సరాలలో అది 6 కోట్ల టన్నులకు లోపే అయింది. సముద్రం మాత్రం తన కోతను తగ్గించలేదు. డెల్టా తీరంలో పలుచోట్ల నేల వెనుకకు జరుగుతున్నది. ధర్మపురి రేవులో కదలవలసిన ఇసుక మన జలాశయంలో నిద్రిస్తున్నది. తాబేలు గుడ్లు పెట్టేందుకు వెదకే ఇసుక కూడ అదే.