అలలు విరగని చోటే అసలు ప్రమాదం

ఎండాకాలం సెలవులు మొదలయ్యాయంటే చాలు, ఫోన్లలో ఒక సలహా తిరుగుతుంది. "బీచ్‌కి వెళ్తే అలలు గట్టిగా కొట్టే చోట దిగొద్దు. మధ్యలో నీళ్లు నిలకడగా ఉన్న చోటు చూసుకుని దిగండి. పిల్లలకు అదే క్షేమం." పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ సముద్రం గురించి ఇంతకంటే ప్రమాదకరమైన సలహా ఇంకొకటి లేదు. 'స్నానానికి దిగి ఇద్దరు విద్యార్థుల గల్లంతు' అని సోమవారం పేపర్లో చదివే వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఆ నిలకడగా కనిపించిన చోటే.

అక్కడ జరిగేది ఇది. ఒడ్డుకు వచ్చే ప్రతి కెరటమూ కొంత నీటిని తోసుకొస్తుంది. ఆ నీరు మళ్లీ వెనక్కి పోవాలి. ఒడ్డుకు కాస్త దూరంలో నీటి అడుగున ఇసుక తిన్నెలుంటాయి. అలలు వాటి మీదికి రాగానే విరిగి నురగ కడతాయి. తిన్నెకూ ఒడ్డుకూ మధ్య పోగుపడిన నీరు, తిన్నెలో ఎక్కడ గండి ఉంటే అటు పరుగెడుతుంది, సినిమా వదిలాక జనమంతా తెరిచి ఉన్న ఒక్క గేటు వైపు తోసుకున్నట్టు. ఆ గండిలో లోతు ఎక్కువ. లోతు ఎక్కువ కాబట్టే అక్కడ అల విరగదు. విరగదు కాబట్టే నురగ లేకుండా, చుట్టుపక్కల కంటే కాస్త నల్లగా, చదునుగా, దిగడానికి అనువుగా కనిపిస్తుంది. పిల్లల కోసం మీరు వెతికి పట్టుకున్న ఆ ప్రశాంతమైన జాగా, ఒడ్డున చేరిన నీరంతా సముద్రంలోకి వెళ్లిపోయే దారి. దీన్నే రిప్ కరెంట్ అంటారు.

దాని వేగం మామూలు రోజుల్లో సెకనుకు అర మీటరు అటూ ఇటూ. తక్కువే కదా అనుకోకండి. సరదాగా ఈదేవాళ్లు అలల్లో నిలకడగా సాధించగలిగే వేగం కూడా దాదాపు అంతే. ఎంతసేపు చేతులు కొట్టినా ఉన్నచోటే ఉంటారు, ఈలోగా దమ్ము అయిపోతుంది. అలలు పెద్దవైనప్పుడు ఆ వేగం సెకనుకు 2 మీటర్లు దాటిన సందర్భాలూ ఉన్నాయి. ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టయిల్ గెలిచేవాళ్ల వేగం 2 మీటర్లకు కొంచెం ఎక్కువ, అంతే. ఊరి బావిలోనో సాగర్ కాలవలోనో ఈత నేర్చుకున్న కుర్రాడు "నాకేం, ఈత వచ్చు" అంటూ దానికి ఎదురీదడానికి పూనుకుంటే ఏమవుతుందో ఇక చెప్పనక్కర్లేదు. బావిలో నీళ్లు కదలవు. కాలవలో కదిలినా ఒక గట్టు ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. సముద్రానికి ఆ రెండు గుణాలూ లేవు.

ఈ అపోహకు తోడబుట్టినది ఇంకొకటి ఉంది: "సుడిగుండం లోపలికి లాగేసింది." వార్తల్లోనూ ఇలాగే రాస్తారు. మన బీచ్‌లలో మనిషిని అడుక్కి ఈడ్చే సుడిగుండాలు లేవు. రిప్ కరెంట్ మనిషిని దూరంగా తీసుకుపోతుంది, కిందికి కాదు. ముంచేది కరెంటు కాదు, భయంతో ఎదురీది సొమ్మసిల్లడం. ఈ తేడా పండితుల చర్చ కాదు, ప్రాణం నిలబెట్టే తేడా. కిందికి లాగదని తెలిసినవాడు వెల్లకిలా తేలి, ఊపిరి కుదుట పరుచుకుని, చెయ్యెత్తి పిలవగలుగుతాడు. తిన్నె దాటాక కరెంటు బలం తగ్గిపోతుంది. చాలాసార్లు అదే నీరు చుట్టు తిరిగి మనిషిని మళ్లీ తిన్నె మీదికి చేరుస్తుంది కూడా. ప్రతిసారీ అలా జరగదు గనుక, ఈత బాగా వచ్చినవాళ్లు ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకు సమాంతరంగా, తెల్లటి నురగ కనిపించే వైపు ఈదాలి. అక్కడ విరిగే అలలే ఒడ్డుకు తోస్తాయి.

కాబట్టి బీచ్‌కి చేరగానే బట్టలు మార్చుకుని పరుగెత్తకండి. ఎత్తుగా ఉన్న చోట నిలబడి ఓ పది నిమిషాలు నీటిని చూడండి. వరసగా విరుగుతున్న అలల మధ్య ఎక్కడ ఖాళీ ఉంది? ఎక్కడ నురగ, చెత్త, బురద రంగు నీరు లోపలికి సాగిపోతున్నాయి? దాని దరిదాపుల్లో దిగకూడదు.

బీచ్ ఎంపిక దగ్గర పదేపదే వినిపించే మాట ఇంకొకటి: "విశాఖ సముద్రం లోతు, సూర్యలంక మెరక. ఎంత దూరం నడిచినా నడుం లోతే." గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ నుంచి కుటుంబాలు బాపట్లకు 9 కిలోమీటర్ల దూరంలోని సూర్యలంకకో, చీరాల దగ్గరి ఓడరేవు, రామాపురాలకో, బందరు దగ్గరి మంగినపూడికో ఈ ధైర్యంతోనే వస్తాయి. తీరం వాలు తక్కువన్నది నిజమే. కానీ వాలు తక్కువగా ఉన్న ఇసుక తీరంలోనే తిన్నెలూ వాటి మధ్య గుంటలూ ఏర్పడతాయి. ఆటు సమయంలో మోకాలి లోతు గుంట దాటి, అవతల తిన్నె మీదికి చేరి, ఫొటోలు తీసుకుంటూ గంటల తరబడి గడుపుతారు. ఈలోపు పోటు మొదలవుతుంది. తిరిగొచ్చేసరికి ఆ గుంటలోనే పదేళ్ల పిల్లాడికి కాళ్లు అందవు. పైగా ఈ తిన్నెలు స్థిరంగా ఉండవు. పోయినేడాది మనం ఆడుకున్న చోటే అన్న నమ్మకం పనికిరాదు. పోయినేడాది సంగతి అటుంచి, పెద్ద అలలు కొట్టిన రెండు రోజులకే అడుగు మారిపోతుంది. ఆ ఊరి మత్స్యకారుల్ని అడగండి. వాళ్లు రోజూ ఆ నీళ్లలోకి పడవ దింపేవాళ్లు. వద్దన్న చోట దిగకండి, వాదించకండి.

విశాఖ వైపు కథ వేరు. అక్కడ కొండలు సముద్రంలోకి చొచ్చుకొస్తాయి. "కొండ పక్కన అలల తాకిడి ఉండదు" అని యారాడలోనూ, రుషికొండ పక్కన రాళ్ల దగ్గరా కుర్రాళ్లు దిగుతుంటారు. ఒడ్డు వెంబడి సాగే నీరు రాయికి తగిలి లోపలికి మళ్లేది సరిగ్గా అక్కడే. ఇసుక గండి రోజురోజుకీ జరుగుతుంది, రాయి పక్కన పుట్టే కరెంటు మాత్రం అక్కడే ఉంటుంది. రాళ్ల పక్కన స్నానం ఎక్కడైనా వద్దు. ఆర్కే బీచ్ నడకకు, కురుసుర జలాంతర్గామి చూడటానికి చక్కటి చోటు. స్నానానికి కాదు.

నది సముద్రంలో కలిసే చోట స్నానం పుణ్యం అంటారు. పుణ్యం మాట నేను కాదనను. కానీ హంసలదీవిలో కృష్ణ, అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి, భీమిలిలో గోస్తని, కళింగపట్నంలో వంశధార సముద్రంలోకి తెరుచుకునే మొగల దగ్గర ఆటు వేళ నీరు లాగే తీరు వేరు. మునగాల్సిందే అనుకుంటే మొగకు బాగా దూరంగా, ఒడ్డునే, చెంబుతో పోసుకున్నా స్నానం స్నానమే.

"ఎండ కాస్తోంది, గాలి లేదు, ఇవాళ సముద్రం నెమ్మదిగా ఉంటుంది" అన్నదీ తప్పే. మన ఒడ్డున విరిగే అల మన ఆకాశం కింద పుట్టిందే కానక్కర్లేదు. హిందూ మహాసముద్రం దక్షిణాన ఎక్కడో తుపాను గాలులు లేపిన కెరటాలు వేల కిలోమీటర్లు ప్రయాణించి, ఇక్కడ మబ్బు తునక కూడా లేని రోజున ఒడ్డుకు కొడతాయి. దీనికి జోస్యాలు అక్కర్లేదు. అలల ఎత్తు, ఉప్పెన కెరటాల హెచ్చరికలు రోజూ ప్రకటించే ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే ఉంది, 1999 నుంచీ పనిచేస్తోంది. హోటల్ గది బుక్ చేయడానికి అరగంట వెచ్చించేవాళ్లు, ఆ హెచ్చరిక ఉందో లేదో చూడటానికి రెండు నిమిషాలు కూడా ఎందుకు వెచ్చించరో నాకు అర్థం కాదు.

ఏప్రిల్, మే నెలల్లో పడమటి గాలి వీచే పూట ఇంకో మోసం ఉంది. నేల మీద నుంచి సముద్రం వైపు వీచే ఆ గాలికి ఒడ్డు దగ్గర నీరు అద్దంలా చదునుగా ఉంటుంది. గాలి నింపిన ట్యూబులో పిల్లని కూర్చోబెట్టి వదిలితే చూస్తుండగానే దూరం వెళ్లిపోతుంది. ట్యూబు ఈత కొలనుకే. సముద్రంలో అది రక్షణ కాదు.

పెద్దల మాటల్లో ఒకదానికి మాత్రం తల వంచక తప్పదు. "అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రంలో దిగొద్దు." చంద్రుడికి కోపం వస్తుందనో, సముద్రం బలి అడుగుతుందనో చెప్పే కారణాల్లో పస లేదు. కానీ ఆ రోజుల్లో, ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లో సూర్యచంద్రుల ఆకర్షణ కలిసి పోటు మరింత ఎత్తుకు వస్తుంది, ఆటు మరింత కిందికి పోతుంది. ఆటు బాగా తగ్గినప్పుడు తిన్నెల మధ్య గండ్లలో నీటి లాగుడు సాధారణంగా పెరుగుతుంది. కారణం తప్పు, జాగ్రత్త ఒప్పు. ఆ మాట చెప్పిన ఇళ్ల నుంచే కార్తీక పౌర్ణమి నాడు వేలమంది తెల్లవారుజామున చీకట్లో సముద్రంలోకి దిగుతారు. అదీ తుపాన్ల కాలంలో. ఆ రోజు వెళ్లాల్సిందే అయితే వెలుగు వచ్చాక, పోలీసులు తాళ్లు కట్టిన హద్దు లోపల, మోకాలి లోతు మించకుండా మూడు మునకలు వేసి వచ్చేయండి.

మిగతావి ఒక్కో మాటలో తేలిపోతాయి. ప్రతి ఏడో అల పెద్దదన్నది లెక్కకు నిలవదు, పెద్ద అలలు గుంపుగా వస్తాయి కానీ వాటికి అంకె లేదు. మన చామనచాయ చర్మానికి ఎండ ఏమీ చేయదన్నది అబద్ధం, మబ్బు పట్టిన రోజు కూడా కమిలిపోతుంది. జెల్లీఫిష్ కుడితే మూత్రం పోయమన్నది చెత్త సలహా. సముద్రపు నీళ్లతో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఉంచి, డాక్టర్‌కు చూపించాలి. బీరు తాగితే భయం పోయి బాగా ఈదుతారట. పోయేది భయం కాదు, అంచనా. మన తీరంలో సముద్రంలో సూర్యాస్తమయం చూద్దామని సాయంత్రం దాకా ఆగేవాళ్లకు: తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు, వెనక నేల మీద అస్తమిస్తాడు.

రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చాక "అక్కడ మునిగిపోవడం అంటూ ఉండదు" అన్న ధీమా పుట్టింది. ఆ గుర్తింపు నీటి శుభ్రతను, సౌకర్యాలను, భద్రత ఏర్పాట్లను చూసి ఇస్తారు. అలలకు ఆ జెండా తెలియదు. అయినా నన్నడిగితే పిల్లలతో వెళ్లేవాళ్లు అటువంటి చోటునే ఎంచుకోవాలి, కారణం జెండా కాదు, కాపలా. స్నానానికి హద్దులు గీసి, లైఫ్‌గార్డులు నిలబడే బీచ్ మొదటి ఎంపిక. ఇసుక తెల్లగా ఉందా, జనం తక్కువగా ఉన్నారా, ఫొటోలు బాగా వస్తాయా అన్నవి ఆ తర్వాతే. "ఎవరికీ తెలియని బీచ్" అని వీడియోల్లో చూసి వెళ్లే చోట, ఏదైనా జరిగితే చూసేవాళ్లూ ఉండరు. అటువంటి చోటికి వెళ్లండి, నడవండి, గవ్వలు ఏరుకోండి, నీళ్లలోకి మాత్రం వద్దు. నెలల్లో జనవరి నుంచి మార్చి దాకా మన వైపు సముద్రం మెత్తగా ఉంటుంది. రోజులో ఉదయం మేలు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచి నీరు చెదురుతుంది, ఎండా మండుతుంది.

మునిగిపోయేవాళ్లు కేకలు వేస్తారన్నది సినిమాలు నేర్పిన అపోహ. నోరు నీటి పైకి వచ్చిన ఆ కొద్ది క్షణం ఊపిరి తీసుకోవడానికే చాలదు, అరవడానికి ఎక్కడ? తల వెనక్కి వాలి, చేతులు పక్కలకు నీటిని నొక్కుతూ, నిలువుగా ఉండి, చప్పుడు లేకుండా నిమిషం లోపే మునిగిపోతారు. పక్కనే ఉన్నవాళ్లు ఆడుకుంటున్నాడనే అనుకుంటారు. చూసిన స్నేహితుడు వెంటనే దూకుతాడు. ఒకరు పోవాల్సిన చోట ముగ్గురు పోవడం ఇలాగే జరుగుతుంది. దూకకండి. మూత బిగించిన ఖాళీ రెండు లీటర్ల సీసా, థర్మాకోల్ పెట్టె, తాడు, ఏది ఉంటే అది విసరండి. లైఫ్‌గార్డును పిలవండి, 112కు ఫోన్ చేయండి.

బయటికి తెచ్చాక మనిషిని తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం ఇప్పటికీ మానలేదు. దానివల్ల కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలూ పోతాయి. కావాల్సింది గాలి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు గాలి ఊదండి. ఆ తర్వాత ఛాతీ మధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ, ప్రతి 30 నొక్కులకు రెండుసార్లు ఊదుతూ, 108 వచ్చేదాకా ఆపకండి. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బయలుదేరే ముందే మీలో నీళ్లలోకి దిగని మనిషి ఎవరో తేల్చుకోండి. వాళ్ల పని ఫోన్ చూడటం కాదు, తలలు లెక్కపెట్టడం. గంటకొకరు మారండి. పదేళ్ల లోపు పిల్లలకు మాత్రం ఒడ్డు మీది కాపలా సరిపోదు, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో పెద్దవాళ్లు ఒకరు వాళ్లతో పాటు నీళ్లలోనే ఉండాలి.